సుడి చూసి కొన్న తుపాకి

వెంకటప్పయ్యకి నలభై ఆరేళ్ళు వచ్చాయి గానీ, రెండింట్లో ఏది కావాలో తేల్చుకోవలసిన కష్టం అంతవరకూ ఎప్పుడూ రాలేదు. చిన్నప్పుడు చదువా సేద్యమా అన్నది వాళ్ళ నాన్న తేల్చాడు. పెళ్ళికూతురు పొడుగుదా పొట్టిదా అన్నది మేనత్త తేల్చింది. గుడివాడ పక్కనున్న రెండెకరాలూ అమ్మేసి, తుంగభద్ర కాలువ కింద పన్నెండెకరాలు కొనుక్కుని ఈ బళ్ళారి జిల్లాకి రావాలా వద్దా అన్నది శివరామకృష్ణయ్య గారు తేల్చారు. తేల్చిపెట్టేవాళ్ళు చుట్టూ ఇంతమంది ఉంటే మనిషికి సొంత తల దేనికి? తలపాగా చుట్టుకోవడానికి తప్ప.

అటువంటివాడి ముందు, అరవై ఒకటో సంవత్సరం కార్తీకమాసంలో ఒక శుక్రవారం పొద్దున, బళ్ళారి కౌల్ బజారులో జీవానందం దుకాణం బల్లమీద, రెండు తుపాకులు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. రెండూ బోల్టు లాగి కాల్చే రైఫిళ్ళే. ఒకటి సన్నగా, తేలిగ్గా ఉంది. రెండోది లావుగా, బరువుగా, ఇత్తడి పూల నగిషీతో దర్జాగా ఉంది. రెంట్లో ఒక్కటే తీసుకోవాలి. పంటరక్షణ లైసెన్సు మీద "ఒక ఆయుధం" అని రాసి ఉంది. ఈ నెలాఖరులోగా కొని, ఆఫీసులో చూపించి, నంబరు ఎక్కించుకోకపోతే లైసెన్సు రద్దు. రెండేళ్ళు అర్జీ మీద అర్జీ పెడితే వచ్చిన లైసెన్సది.

ఎందుకంటే పందులు. దరోజి కొండల వైపు నుంచి అడవిపందులు మందలు మందలుగా దిగి, వరి పాలుపోసుకునే వేళకి సరిగ్గా ముహూర్తం పెట్టుకున్నట్టు వచ్చేస్తాయి. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. మూడేళ్ళ నుంచి ఇదే వరస. ఈ పంట కూడా పోతే వెంకటప్పయ్యకి ఇక్కడ నిలదొక్కుకునే దారి లేదు. బావమరిది అప్పుడే ఉత్తరం రాశాడు: "మొహమాటపడకండి బావగారూ, వచ్చెయ్యండి. మా దొడ్లో ఒక పాక వేసుకుందురు గాని" అని. ఆ ఉత్తరం గుర్తొచ్చినప్పుడల్లా వెంకటప్పయ్యకి తిన్నది ఒంటబట్టదు. సొంత పొలం అమ్ముకుని వెళ్ళినవాడు బావమరిది దొడ్లో పాక వేసుకోవడమంటే, దానికన్నా తుంగభద్ర కాలువే నయం.

"ఇది చూడప్పా," అన్నాడు జీవానందం, సన్నదాన్ని ఎత్తి. ఆయన మిషను చర్చికి పోయే మనిషి. నలభై ఏళ్ళుగా తుపాకులు బాగుచేసి బాగుచేసి ఆయన వేళ్ళకి నూనె వాసన చర్మంలోనే నిలిచిపోయింది. "ఒక డాక్టరు దొర వాడినది ఇది. తేలిగ్గా ఉండాది. యాడ గురి పెడితే ఆడ పడతాది గుండు. ఇంగ ఇది ఉండాది చూడు, ఒక జమీందారు బంగళాలోంచి వచ్చింది. చూసేదానికి బాగుండాది, అంతే. గొట్టం లోపల గీతలు అరిగిపోయినాయి. నూరు గజాల దూరంలో బారెడు ఎడంపక్కకి పోతాది. ఇది నీకు బేడ, వద్దు."

"మరి అలాంటిదాన్ని ఇక్కడెందుకు పెట్టారండీ?"

"గోడకి తగిలించుకునేవాళ్ళు గూడా వస్తారు గదప్పా."

వెంకటప్పయ్యకి అక్కడే అనుమానం మొదలైంది. ఆయన చూసిన సంతలన్నిటిలోనూ, తన ఎద్దుని తనే తిట్టుకునే ఆసామి ఒక్కడూ తగల్లేదు. కుంటి ఎద్దుని అమ్మేవాడు కూడా "నాట్యం చేస్తుందండీ" అనే అంటాడు. ఈయనెవరో తన సరుకుని తనే వద్దంటున్నాడంటే ఇందులో ఏదో ఉంది. లావుదాన్ని ఇంకెవరికో దాచిపెట్టాడా?

అయినా ఊరికే ఒకసారి సన్నదాన్ని ఎత్తి భుజానికి ఆనించాడు. ఆనించగానే అది ఎప్పటినుంచో అక్కడే ఉంటున్నట్టు ఒదిగిపోయింది. చెంప దానంతట అదే కర్ర మీదికి వాలింది. ఎదురు దుకాణం గోడ మీది మేకు గురిలోకి వచ్చి కదలకుండా కూర్చుంది. "ఇదే" అన్న మాట వెంకటప్పయ్య నోటిదాకా వచ్చింది. ఆ మాట అలవాటు లేని నోరు కదా, మింగేసింది.

"రేపు మా బాబాయిని తీసుకొస్తానండి," అన్నాడు.

ఆ బాబాయే శివరామకృష్ణయ్య గారు. వరసకి బాబాయి, వయసుకి డెబ్భై, అధికారానికి, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన పదకొండు గడపల క్యాంపు మొత్తానికీ ఆయనే. ఎద్దు సుళ్ళు చూడ్డంలో ఆయనంతవాడు కృష్ణకి ఈ పక్కనా లేడు, ఆ పక్కనా లేడు. ఈ మాట ఆయనే చెప్పారు. ఎద్దుకి ఎక్కడ వెంట్రుక సుడి తిరిగితే ఆ ఇంటికి ఏం జరుగుతుందో ఆయన నాలుక చివర ఉంటుంది. క్యాంపుకి వచ్చిన ఇరవై రెండు ఎద్దులూ ఆయన సుడి చూసి కొన్నవే. వాటిలో మూడు చచ్చిపోయాయి, ఒకటి దున్నే వేళకి పడుకుంటుంది. అది వాటి యజమానుల జాతకాల్లో దోషమట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషితో ఎవరు వాదిస్తారు?

శనివారం శివరామకృష్ణయ్య గారు దుకాణంలోకి వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. ముందు లావుదాని నడుం మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశారు. అది కదల్లేదు. "నెమ్మదస్తురాలు," అన్నారు. తరవాత సన్నదాని వైపు తిరిగి, "దీని నోరు తెరిపించండి," అన్నారు.

జీవానందం ఒక్క క్షణం ఆలోచించి, బోల్టు ఎత్తి వెనక్కి లాగాడు. శివరామకృష్ణయ్య గారు వేలు పెట్టి లోపల తడిమారు.

"పళ్ళు లేవే!"

"తుపాకికి పండ్లు యాడుంటాయి సామీ?"

"అదే అడుగుతున్నా. ఇంకా రాలేదా, వచ్చి రాలిపోయాయా? తేడా ఉందిగా!"

జీవానందం వెంకటప్పయ్య మొహంలోకి చూశాడు. వెంకటప్పయ్య వీధిలోకి చూశాడు.

"సరే, నడిపించండి," అన్నారు శివరామకృష్ణయ్య గారు.

జీవానందం ఓర్పుగల మనిషి. సహనం మంచిదని ప్రతి ఆదివారమూ చర్చిలో వింటూనే ఉన్నాడు, ఇప్పుడది అక్కరకొచ్చింది. ఖాళీ తుపాకిని భుజాన వేసుకుని ఎదురుగా ఉన్న సోడా బండి దాకా వెళ్ళి, తిరిగొచ్చాడు. రెండోదాన్నీ అలాగే నడిపించాడు. సోడా బండివాడు, "క్యా జీవానందం భాయ్, పోలీసులో చేరినావా?" అని అడిగాడు. పదిమంది పోగయ్యారు. కౌల్ బజారులో జనం పోగవడానికి ఇంత కారణం కూడా అక్కర్లేదు.

అప్పుడు శివరామకృష్ణయ్య గారు ఉత్తరీయం కొసతో సన్న తుపాకి కర్రని తుడిచి, వెలుతురుకి పట్టి, ఉలిక్కిపడ్డారు. చెంప ఆనించే చోట, అక్రోటు కర్రలో ఈనెలు గుండ్రంగా తిరిగి, వలయంలో వలయంగా, నీళ్ళలో రాయి వేసినట్టు ఉంది.

"కన్నీటి సుడి! సరిగ్గా కంటి కింద! ఒరేయ్ వెంకటప్పయ్యా, ఇది ఏ ఇంట అడుగుపెడితే ఆ ఇంటి ఇల్లాలు ఏడుస్తుంది."

"అది మాను సామీ," అన్నాడు జీవానందం. "చెట్టుకి కొమ్మ మొలిచిన చోట ఈనె అట్లే తిరుగుతాది."

"ఎద్దుది మాత్రం ఏమిటండీ? తోలేగా! తోలు తిరిగితే ఫలితం ఉంటుంది గానీ మాను తిరిగితే ఉండదా?"

ఈ ప్రశ్న జీవానందాన్ని నలభై ఏళ్ళలో ఎవరూ అడగలేదు పాపం. ఈలోగా శివరామకృష్ణయ్య గారు లావుదాన్ని తిరగేసి, దాని వెనక భాగంలో రెండు సుళ్ళు పక్కపక్కన కనిపెట్టి, "జోడు లక్ష్మి సుళ్ళురా!" అని కళ్ళకద్దుకున్నారు. చుట్టూ ఉన్న జనం కూడా తలలు వంచి చూసి, అవునవునన్నారు. రెండు నిమిషాల కిందటి దాకా వాళ్ళలో ఒక్కడికీ తుపాకికి సుడి ఉంటుందని తెలియదు.

వెంకటప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "బాబాయ్, ఆ సన్నది భుజానికి బాగా..."

"భుజానికి కాడి కూడా బాగానే ఉంటుందిరా," అన్నారు శివరామకృష్ణయ్య గారు.

దాంతో అయిపోయింది. జీవానందం మాత్రం చీటీ మీద ఒక వాక్యం ఎక్కువ రాశాడు: "ఇది వద్దని నేను చెప్పినాను, వీరు వినలేదు." దానికింద ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. పెట్టించుకుని, వెంకటప్పయ్యతో మెల్లిగా అన్నాడు: "చూడప్పా, గురువారం నెలాఖరు. ఆఫీసులో నంబరు ఎక్కించుకునే ముందు వస్తివా, మార్చిస్తా. ఎక్కిందంటే ఇంగ నా చేతుల్లో ఏమీ లేదు."

క్యాంపులో లావు తుపాకికి జరిగిన మర్యాద ఏ కోడెకీ జరగలేదు. గుమ్మంలో హారతిచ్చారు. కర్రకి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. తవుడూ బెల్లం కూడా కలిపి తెచ్చి, ఎక్కడ పెట్టాలో తోచక ఆగిపోయారు. దిష్టి తగలకుండా గొట్టానికి మువ్వల పట్టెడ కట్టారు. వెంకటప్పయ్య భార్య సరోజినీదేవి గుమ్మానికి ఆనుకుని ఇదంతా చూసి, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇది కాలుస్తుందా?"

"కాల్చడానికేముందమ్మా," అన్నారు శివరామకృష్ణయ్య గారు. "ఏ తుపాకైనా కాలుస్తుంది. ఇంటికి కలిసిరావాలి."

ఆదివారం సందెవేళ పందులు దిగాయి. పొలం మధ్య మంచె మీద రేకుడబ్బా పట్టుకుని కెంచమ్మ కూర్చుని ఉంది. ఆవిడది ఈ ఊరే. ఈ నేలలో జొన్న పండే రోజుల నుంచి మంచె కాపలా ఆవిడదే. వెంకటప్పయ్య గట్టు మీద బోర్లా పడుకుని తుపాకి సరిచేసుకున్నాడు. మువ్వలు ఘల్లుమన్నాయి. పందులు తలలెత్తి చూశాయి. పెద్ద మగపంది, కోరలున్నది, ఎవరింటి పెళ్ళో అన్నట్టు కాసేపు విని మళ్ళీ మేతలో పడింది. వెంకటప్పయ్య దాని మెడకి గురిపెట్టి మీట నొక్కాడు.

గుండు వెళ్ళి, పక్కపొలంలో శివరామకృష్ణయ్య గారి పాత కోటు తొడిగిన దిష్టిబొమ్మ గుండెల్లో దిగింది.

"మంచిదే," అన్నారు శివరామకృష్ణయ్య గారు, కోటు కన్నంలో వేలు పెట్టి చూసుకుంటూ. "మొదటి గుండు దిష్టికి పోయింది. ఇక దానికి అడ్డు లేదు."

సోమవారం నిజంగానే దానికి అడ్డు లేకపోయింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు గుండు ఎటు పడితే అటు పోయింది. మంగళవారం వెంకటప్పయ్య తెలివి చూపించి మువ్వలు గుడ్డతో కట్టేసి, బారెడు కుడివైపుకి గురిపెట్టాడు. గుండు ఆ రోజుకి మనసు మార్చుకుని కుడివైపుకే పోయింది. పందులకి చప్పుడు అలవాటైపోయింది. మూడు రోజుల్లో ఎకరన్నర వరి నేలపాలైంది.

"సావుకారప్పా," అంది కెంచమ్మ మంచె మీది నుంచి. "పందులు ఈడ ఉండాయి. నువ్వు యాడికి కాలుస్తాండావ్?"

"వాటికే గురిపెడుతున్నానే!"

"అట్లయితే పందులే బారెడు అవతలికి జరిగి నిలబడల్ల. చెప్పమంటావా?"

వెంకటప్పయ్యకి నవ్వు రాలేదు. మోకాళ్ళ మీద లేచి తొక్కేసిన చేలోకి చూశాడు. పాలుపట్టిన కంకులు బురదలో తెల్లగా చితికి ఉన్నాయి. ఆ క్షణంలో ఆయనకి భుజం మీద సన్నది ఒదిగిన తీరు జ్ఞాపకం వచ్చింది. తప్పు తుపాకిది కాదు, జీవానందానిది కాదు, బాబాయిది కూడా కాదు. నోటిదాకా వచ్చిన మాట మింగింది తనే. సిగ్గుతో ఆయనకి చెవులు వేడెక్కాయి.

బుధవారం పొద్దున శివరామకృష్ణయ్య గారు అరుగు మీద కూర్చుని కొత్త సంగతి చెప్పారు. రాత్రంతా ఆలోచించారట.

"ఎడంపక్కకి లాగుతోందంటే ఏమిటి? అది దాపటి ఎద్దు స్వభావం. ఒంటెద్దుతో దున్నుతామా? దానికి జత కావాలి. కుడిపక్కకి లాగే వలపటి తుపాకి ఒకటి వెతికి తెచ్చి, రెంటినీ జోడుగా పెట్టి కాలిస్తే, రెంటి మధ్యా పంది ఎక్కడికి పోతుంది?"

"లైసెన్సు ఒకదానికే బాబాయ్."

"ఇంకోదానికి అర్జీ పెట్టు."

"రెండేళ్ళు పడుతుంది."

"జత కుదరడమంటే మాటలా మరి?"

సరోజినీదేవి మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెట్టి లోపలికి వెళ్ళలేదు.

"మావయ్యగారూ, ఆ రెండో తుపాకికి ఏదో సుడి ఉందన్నారట?"

"కన్నీటి సుడమ్మా. ఇంటి ఇల్లాలు ఏడుస్తుంది."

"ఇల్లాలంటే నేనేగా?"

"నువ్వే."

"ఏడ్చేదాన్ని నేనైనప్పుడు నన్నొక మాట అడగద్దూ?"

శివరామకృష్ణయ్య గారి చేతిలో గ్లాసు నోటికీ అరుగుకీ మధ్యలో ఆగింది. డెబ్భై ఏళ్ళలో ఎద్దుని కొనేముందు ఇంటి ఆడదాన్ని అడిగిన సంత ఆయన చూడలేదు.

"మూడేళ్ళ నుంచీ ఏడుస్తూనే ఉన్నాను," అంది సరోజినీదేవి. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "పొద్దున్నే పొలానికెళ్ళి ఏడుస్తాను. మా తమ్ముడి ఉత్తరం చూసి ఏడుస్తాను. ఇంట్లో ఏ సుడీ లేకుండానే. ఇంకో ఏడుపు ఎక్కువైతే నేనే పడతాను గానీ, పంట దక్కుతుందేమో చూడనివ్వండి."

"శాస్త్రం మన ఇష్టాన్ని బట్టి ఉండదమ్మా," అన్నారు ఆయన, కానీ ఎప్పటి జోరు లేదు.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "రేపే ఆఖరు. ఏవండీ, మీకేది కావాలి?"

వెంకటప్పయ్య అలవాటు ప్రకారం బాబాయి వైపు చూశాడు.

"ఆయన్ని చూడకండి."

భార్య వైపు చూశాడు.

"నన్నూ చూడకండి. చూస్తే నేను చెప్పేస్తాను, అప్పుడది నా మాటవుతుంది."

చూడ్డానికి ఇంకెవరూ మిగల్లేదు. కొట్టంలో ఎద్దులున్నాయి. వెంకటప్పయ్య కాసేపు వాటివైపు చూశాడు. అవి నెమరేస్తూ ఈ గొడవలో మాకు సంబంధం లేదన్నట్టు ఊరుకున్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన నుదుటి మీద చెమట పోసింది. కార్తీకమాసం చలిలో.

"సన్నది," అన్నాడు.

"వినపడలేదు."

"సన్నదే కావాలి నాకు!"

కొట్టంలో ఎద్దులు రెండూ తలలెత్తాయి. శివరామకృష్ణయ్య గారు మజ్జిగ తాగకుండానే లేచి, కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ఆశ్చర్యం, వెంకటప్పయ్య కాళ్ళ కింద నేల కుంగలేదు.

గురువారం పసుపూ కుంకుమా మువ్వలతో ఉన్న లావు తుపాకిని గోనెసంచిలోంచి తీసి బల్లమీద పెట్టగానే జీవానందం కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏందప్పా ఇది? పెండ్లి గాని చేసినారా దీనికి?"

"సన్నది ఉందాండీ?" అన్నాడు వెంకటప్పయ్య. దారి పొడుగునా ఆయన గుండె ఆ ఒక్క ప్రశ్న మీదే కొట్టుకుంటోంది.

"యాడికి పోతాది?" అని జీవానందం నిట్టూర్చాడు. "మీ పెద్దాయన చెప్పిపోయిన మాట బజారంతా పాకింది. ఇద్దరొచ్చినారు, చేతిలోకి గూడా తీసుకోలేదు, చెంప కింద సుడి ఉండాదంట గదా అని పోయినారు. నిన్న ఒకడు వచ్చి నా గోడ గడియారానికి సుడి చూసినాడు. నా పెండ్లాము కృపమణికి ఇట్లాంటివి నమ్మకం లేదు, బైబిలు ముట్టి చెప్తాది. అయినా గానీ దీన్ని ఇంట్లోకి మాత్రం తేవద్దంటాండాది."

మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆఫీసులో గుమాస్తా నంబరు రాసుకుని, "ఏమైనా గుర్తులున్నాయా?" అని అడిగాడు. వెంకటప్పయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. గుమాస్తా కర్రని దగ్గరగా చూసి, తల పంకించి, ప్రభుత్వం వారి రిజిస్టరులో "కర్రపై సుడి ఒకటి" అని రాసుకున్నాడు. దాంతో అది రాష్ట్రంలోకెల్లా అధికారికంగా అశుభమైన తుపాకి అయింది.

శుక్రవారం తెల్లారగట్ల, మంచు విడుతున్న వేళ, వెంకటప్పయ్య గట్టు మీద పడుకున్నాడు. పసుపు లేదు, మువ్వలు లేవు. చెంప సుడి మీద ఆనింది, చల్లగా ఉంది. చేలో కంకులు కదిలాయి. కోరల పంది ముందు వచ్చింది, వెనక మంద. ఈ మూడు నాలుగు రోజుల అనుభవంతో దానికి మనుషుల మీద ఎంత నిర్లక్ష్యం కలిగిందంటే, గట్టు వైపే తిరిగి నిలబడి తాపీగా చూసింది. వెంకటప్పయ్య బోల్టు తోశాడు. అది నేతిలో వేలు పెట్టినట్టు మెత్తగా కూర్చుంది.

ఒక్కటే చప్పుడు. పంది రెండడుగులు వేసి పక్కకి ఒరిగింది. మిగతావి చేను చీల్చుకుంటూ పారిపోయాయి. మంచె మీద కెంచమ్మ రేకుడబ్బా వాయించడం కూడా మరిచిపోయి, "పడిందప్పో! పడింది!" అని అరిచింది.

ఎండ వచ్చేసరికి క్యాంపంతా పంది చుట్టూ చేరింది. సరోజినీదేవి గట్టు మీద నిలబడి పందిని చూడలేదు, నిలిచిన చేనుని చూసుకుంటోంది. పది ఎకరాలు దక్కినా చాలు, పాక వేసుకోనక్కర్లేదు. జనాన్ని తప్పించుకుంటూ శివరామకృష్ణయ్య గారు వచ్చారు. కర్రతో పంది తల తిప్పి, వంగి, దాని రెండు కళ్ళ మధ్యా పరీక్షగా చూశారు.

"ఇదుగో, మృత్యుసుడి," అన్నారు. "ఇది ఈ నెల దాటేది కాదు, ఎలాగైనా పోయేదే. ఇందులో తుపాకి గొప్పేం లేదు."

జనం నవ్వు ఆపుకుంటూ మొహాలు తిప్పుకున్నారు. వెంకటప్పయ్య నవ్వలేదు. "మిగతావి ఎటు పోయాయి బాబాయ్?" అని మామూలుగా అడిగాడు.

ఆయన పంది తల మీద నుంచి కర్ర తీశారు. కెంచమ్మే చెప్పింది: "ఇంగ యాడికి? కొండ పక్క అయ్యగారి చేన్లోకే పోయినాయి. దినామూ ఆడికే గదా పోతాండేది. నేను చూస్తానే ఉండా, చెప్పొద్దు అంటాడాయన."

అందరూ ఆయన వైపు తిరిగారు. శివరామకృష్ణయ్య గారు ఉత్తరీయం తీసి చేతిలో ఉండలా చుట్టారు, మళ్ళీ విప్పారు. ఎవరి మొహంలోకీ చూడలేదు. కాసేపటికి జనం ఒక్కొక్కళ్ళే సర్దుకుని కదిలారు. కెంచమ్మవాళ్ళు పందిని కర్రకి కట్టుకుని మోసుకుపోయారు. గట్టు మీద ముగ్గురు మిగిలారు.

"సగం పోయిందిరా," అన్నారు ఆయన అప్పుడు. "ఆదివారం నుంచి కాదు, పోయిన నెల నుంచే. మీ అందర్నీ ఇక్కడికి తీసుకొచ్చిందే నేను. నా చేనే పందులు మేస్తున్నాయంటే ఇక నా మాట ఎవడు వింటాడు? అందుకని చెప్పలేదు."

ఈ మనిషి మాటకి తను ఇన్నేళ్ళు భయపడ్డాడు. ఆ మాట పోతుందేమోనని ఆయన అంతకన్నా భయపడుతున్నాడు.

"ఆ తుపాకి... మా గట్టుకి తెస్తావా?" అన్నారు శివరామకృష్ణయ్య గారు.

వెంకటప్పయ్య వెక్కిరింపుగా అడగలేదు. నిజంగానే సందేహం వచ్చి అడిగాడు. "మరి సుడి, బాబాయ్?"

శివరామకృష్ణయ్య గారు తన చేనువైపు చూశారు.

"మీ పిన్ని పోయి ఆరేళ్ళయిందిగా. మా ఇంట ఏడవడానికి ఇల్లాలెక్కడుందిరా?"

సరోజినీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటప్పయ్య ఎవరి వైపూ చూడలేదు. తుపాకి భుజాన వేసుకుని, తూటాల సంచి తీసుకుని, బాబాయి పొలం వైపు ముందు నడిచాడు. శివరామకృష్ణయ్య గారు కర్ర ఊనుకుంటూ ఆయన వెనక నడిచారు.